దీవికెళ్ళే మనం

"మనం అక్కడ ఉండడానికి మంచి చోటేదో ముందే చూసిపెట్టుకోవాలి. పరాయి దేశం, దిగాక వెతుక్కుందామంటే కుదరదు" అన్నాడు భర్త, మంచం అంచున కూర్చుని సాక్సు తొడుక్కుంటూ.

ఆమె అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. "అలాగే" అంది. చూసేదెవరో, పెట్టేదెవరో అడగలేదు. అడిగే అవసరం పెళ్ళైన మొదటి ఏడాదే తీరిపోయింది. ఆ ఇంట్లో "మనం" అంటే ఆమె. "మనం బాత్రూము కడిగి చాలా రోజులైనట్టుంది" అంటే ఆమె చీపురు అందుకోవాలి. "మనం నాన్నకి మందులు వేశామా?" అంటే, వెయ్యకపోతే తప్పు ఆమెది. "మనం పిల్లకి కాస్త క్రమశిక్షణ నేర్పాలి" అంటే పిల్ల ఏడుపు టీవీకి అడ్డొస్తోందని. "మనం కూరలో ఉప్పు తగ్గించుకుంటే మంచిది" అంటే ఆ పూట కంచం సగంలో వదిలేసి లేస్తాడని. కొత్తలో ఆ మాట ఆమెకి తియ్యగా ఉండేది. పుట్టింట్లో నాన్న నోటెంట "చెయ్యి", "తే", "నోర్ముయ్" తప్ప వేరే మాట విని పెరగలేదు. అందుకే పెళ్ళయ్యాక మొదటిసారి అమ్మతో ఫోన్లో మాట్లాడినప్పుడు, "ఆయన ఏ పనైనా మనం చేద్దాం అంటారమ్మా, నువ్వు చెయ్యి అనరు" అని మురిసిపోతూ చెప్పింది. "అదృష్టవంతురాలివే తల్లీ" అంది అమ్మ. మనం చేద్దాం అన్నవాడు వేలు కూడా తడుపుకోడని ఆ తర్వాతెప్పుడూ అమ్మకి చెప్పలేదు. అమ్మ ఎవరికో చెప్పుకుని సంతోషపడి ఉంటుంది, ఆ సంతోషం ఎందుకు చెడగొట్టడమని.

దీవి సంగతి ఎత్తింది ఆడపడుచు భర్త. ఆయన పళ్ళ డాక్టరు. వరసకి అన్నయ్యగారే గానీ ఆమె మనసులో ఆయన పేరు పళ్ళాయన. ఎవరితో మాట్లాడినా కళ్ళలోకి కాక నోట్లోకి చూస్తాడు. ఆయన ముందు ఆమె పెదాలు కలిపే నవ్వుతుంది. ఒక ఆదివారం అందరూ భోంచేసి హాల్లో కూలబడ్డాక ఆయన మొదలుపెట్టాడు.

"ఈసారి సెలవులకి కొండలూ కోనలూ వద్దు. కరేబియన్ సముద్రంలో ఒక దీవి ఉందండీ అత్తయ్యగారూ. ఆ ఒక్క దీవే ఒక దేశం. పొద్దున బయల్దేరితే పొద్దుగూకేలోపు దేశమంతా చుట్టి రావచ్చు."

"ఓరి నాయనో. మరి సరిహద్దులూ అవీ?"

"చుట్టూ నీళ్ళేగా సరిహద్దు!"

"అయితే కోడళ్ళు అలిగి పుట్టింటికి పోదామన్నా దారుండదన్నమాట. బాగుందయ్యా దేశం, అక్కడే పుట్టాల్సింది నేను" అంది అత్తగారు. అందరూ పగలబడి నవ్వారు. గిన్నెలు తీస్తున్న ఆమె కూడా నవ్వింది, పెదాలు కలిపి.

అత్తగారికి ఆ సముద్రం పేరు నోరు తిరగలేదు. కరేబి, కరేపి అని తంటాలు పడి చివరికి "ఆ కరివేపాకు దీవేదో" అనేసింది. ఆ రోజు నుంచి ఇంట్లో అదే పేరు ఖాయమైపోయింది.

"టికెట్ల సంగతి నేనూ బావా చూసుకుంటాం" అన్నాడు భర్త, ఆమె వైపు తిరిగి. "మిగతావన్నీ మనం చూద్దాం."

"మరి మామయ్యని?" అంది ఆమె.

మామగారు పక్క గదిలో మంచం మీద ఉన్నారు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, నోట్లో మాట పడిపోయాయి. ఒకప్పుడు ఆయన మంచినీళ్ళు అడిగాక గ్లాసు రావడం ఆలస్యమైతే, వచ్చిన గ్లాసు గోడకి కొట్టేవారు. ఇప్పుడు ఆమె గ్లాసు పెదాలకి ఆనిస్తే ఏ కారణమూ లేకుండా ఏడుస్తారు.

"చూద్దాం. ఎవరో ఒకరు ఉంటారుగా" అన్నాడు భర్త.

ఎవరో మనిషిని మాట్లాడతాడు కాబోలు అనుకుంది ఆమె. నర్సు అయినా, దూరపు చుట్టమైనా. గిన్నెలు సింకులో వేసి కొళాయి తిప్పింది. కూతురు చిట్టి వచ్చి కాళ్ళు చుట్టేసుకుంది. "సముద్రం చూస్తామే చిట్టీ" అంది ఆమె దాన్ని ఎత్తుకుని. ఆమె అప్పటిదాకా సముద్రం చూడలేదు.

ఆమె చదువు ఇంటర్ మొదటి ఏడాదిలో ఆగిపోయింది. మంచి సంబంధం, మళ్ళీ రాదన్నారు, పరీక్షల ముందు పెళ్ళి చేసేశారు. భర్త నలుగురిలో "మా ఆవిడ ఇంటరు తప్పింది" అంటాడు. "తప్పలేదండీ, రాయలేదు" అని ఒకసారి అంటే, "రెండూ ఒకటేగా" అన్నాడు. ఆ రెండూ ఒకటి కాదని ఆమెకి తెలుసు. ఇప్పుడు దీవి గురించి చదువుతుంటే మాత్రం, ఆగిన చోటి నుంచి ఎవరో పుస్తకం మళ్ళీ తెరిచినట్టుగా ఉంది. చిట్టి నిద్రపోయాక, మామగారికి దుప్పటి కప్పాక, వంటింటి గట్టుకి ఆనుకుని ఫోన్లో చదివేది. ఆ దీవికి తూర్పున మహాసముద్రం, పడమట కరేబియన్ సముద్రం. తూర్పు ఒడ్డున అలలు మనిషిని లాక్కుపోతాయి, నాచు గుట్టలు గుట్టలుగా కొట్టుకొచ్చి కుళ్ళి కంపు కొడుతుంది. పడమటి ఒడ్డు పళ్ళెంలో నీళ్ళలా ఉంటుంది. పిల్ల ఉన్నవాళ్ళు పడమటి ఒడ్డునే దిగాలి. జూన్ వచ్చిందంటే తుపాన్లు మొదలు, ఆ లోపు వెళ్ళొచ్చేయాలి. భర్తా బావా అనుకున్నది జూలై. ఆమె చెప్పబట్టి ఏప్రిల్‌కి మార్చారు. మార్చాక పళ్ళాయన తన దగ్గరికొచ్చే పేషెంట్లందరికీ, "తుపాన్ల లెక్క చూసుకుని పెట్టానండీ" అని చెప్పుకున్నాడట. ఆడపడుచే నవ్వుతూ చెప్పింది.

ఆమె చదివినవాటిలో సగం భయంతో చదివినవే. చిట్టికి ఏడాది నిండేలోపే జ్వరానికి ఫిట్స్ వచ్చాయి. అప్పటి నుంచి ఆమె చెయ్యి పిల్ల నుదుటి మీదికి దానంతటదే పోతుంది, మాటల మధ్యలో, వంట మధ్యలో. అందుకని ఏ ఇల్లు చూసినా ముందు అక్కడికి ఆసుపత్రి ఎంత దూరమో చూసేది. టికెట్లు చూసే ట్రావెల్స్ ఆవిడకి ఫోన్ చేసి అక్కడ పిల్లల డాక్టరు ఎవరు, దోమలున్నాయా, కొళాయి నీళ్ళు తాగొచ్చా అని అడిగేది. "మేడం, మీరడిగే ప్రశ్నలు మా ఆఫీసులో ఎవరికీ తట్టవండీ" అని ఆవిడ నవ్వేది. ఆ దీవుల ఒడ్డున ఒక చెట్టు ఉంటుందని కూడా ఆమె చదివింది. చిన్న పచ్చి ఆపిల్‌లా కాయలు కాస్తుందట, కొరికితే గొంతు కాలిపోతుందట, వానలో దాని కింద నిలబడితే ఆకుల మీంచి కారిన నీళ్ళకే ఒళ్ళు బొబ్బలెక్కుతుందట. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పి, కనిపించిన ప్రతి కాయా ముట్టుకోవద్దని అందరికీ చెప్పింది.

"నీ మాటలు వింటే సెలవులకి వెళ్తున్నట్టు లేదే, చావులకి వెళ్తున్నట్టుంది" అన్నాడు భర్త. అత్తగారికి పొలమారింది, అంతగా నవ్వింది.

చివరికి ఆమె ఒక ఇల్లు ఎంచింది. అత్తగారికి బయటి తిండి పడదు, చిట్టికి పాలు కాచాలి, అందుకని వంటగది ఉన్న ఇల్లే చూసింది. పడమటి ఒడ్డు, మెట్లు లేవు, ఆసుపత్రి దగ్గర. ఫోటోల్లో వంటగది ఫోటో ఆమె మళ్ళీ మళ్ళీ చూసుకుంది. పొయ్యి ఎదురుగా పెద్ద కిటికీ, కిటికీ నిండా నీలం. పొయ్యి ముందు నిలబడితే సముద్రం కనిపిస్తుందన్నమాట. వంట చేస్తూ సముద్రం చూడొచ్చు అనుకుంది. ఆ ఆలోచన ఆమెకి ఎంత సంతోషం ఇచ్చిందంటే, ఇక్కడి వంటింట్లో, పక్క వాటా గోడ మాత్రమే కనిపించే కిటికీ ముందు నిలబడి గరిటె తిప్పుతూ, ఒక్కోసారి ఆ గోడనే నీలంగా అనుకునేది.

పాస్‌పోర్టు ఫోటోలకి చిట్టినీ తీసుకుని స్టూడియోకి వెళ్ళింది. ఫ్లాష్ పడినప్పుడల్లా పిల్ల కళ్ళు మూసేది, ఫోటోగ్రాఫరు నెత్తిన బొమ్మ పెట్టుకుని గంతులేస్తే గానీ తెరవలేదు. ఆ ఫోటోలు భర్త చేతికిస్తే బ్యాగులో వేసుకున్నాడు. "మన పాస్‌పోర్టులు ఎంతవరకొచ్చాయండీ?" అని అప్పుడప్పుడూ అడిగేది. "ప్రాసెస్‌లో ఉంది" అనేవాడు.

ఒకరోజు చిట్టికి స్నానం చేయిస్తోంది. పిల్లకి అప్పుడప్పుడే మాటలు వరసగా వస్తున్నాయి. "అమ్మా, మేము సబ్బు లుద్దుకుందాం" అంది.

"మేము కాదే పిచ్చిదానా, మనం. మేము అంటే నేను లేను కదా! నన్ను వదిలేసి రుద్దుకుంటావా ఏంటి?"

చిట్టి బుగ్గల నిండా నురగతో ఆలోచించింది. "నువ్వుంటే మనం. నువ్వు లేపోతే మేము" అంది.

"అబ్బో! మా బంగారమే! ఎంత తెలివే నీకు!"

పిల్లని తువ్వాలులో చుట్టి హాల్లోకి తెచ్చింది. అత్తగారు సోఫాలో కూర్చుని, ప్రయాణానికని కొన్న కొత్త బూట్లు తొడుక్కుని చూసుకుంటోంది. జన్మలో మొదటిసారి తొడుక్కున్న బూట్లు. రెండడుగులు వేసి, కాలి మడమ నేలకి తాటించి, సంతృప్తిగా తలూపింది. తలెత్తకుండానే అంది.

"ఇదిగో, మేము వెళ్ళొచ్చేదాకా మీ మామయ్యకి గడ్డం గియ్యడం మర్చిపోకు. పెరిగితే దురదని గోక్కుని పుండు చేసుకుంటారు."

ఆమె చేతుల్లో తడిపిల్ల. మేము. మూడేళ్ళ పిల్లకి ఇప్పుడే, ఈ నిమిషమే నేర్పి వచ్చిన మాట. ఎదుటి మనిషిని పక్కన పెట్టి మాట్లాడేవాళ్ళు వాడే మాట. అత్తగారు ఆ మాట ఒత్తి పలకలేదు, ఎత్తిపొడవలేదు. అలా అని ఉంటే దానికో జవాబుండేది. మామూలుగా, అందరికీ ఎప్పుడో తెలిసిన సంగతి అన్నట్టుగా అంది. ఆమెకి ఒక్కదానికే తెలియదు.

"ఏంటలా నిలబడిపోయావ్, పిల్లకి జలుబు చేస్తుంది" అంది అత్తగారు, రెండో బూటు లేసు లాగుతూ.

మర్నాడు పొద్దున భర్త ఆఫీసుకి వెళ్తుంటే గుమ్మంలో అడిగింది.

"నేను రావడం లేదా?"

"ఎక్కడికి?" అతను బండి తాళాల కోసం జేబులు తడుముకుంటున్నాడు.

"దీవికి."

"నువ్వొస్తే నాన్నని ఎవరు చూస్తారు?"

"ఎవరో ఒకరు ఉంటారన్నారుగా."

"ఉన్నావుగా."

ఎంత సులువుగా అన్నాడో! తాళాలు దొరికిన ఊపులో అన్నాడు.

"మరి మొదట్నుంచీ మనం వెళ్తున్నాం, మనం వెళ్తున్నాం అన్నారు?"

"మనం అంటే మన ఇంట్లోవాళ్ళం. పొద్దున్నే ఒక్క మాట పట్టుకుని పీకుతావేంటి? అయినా నీ మంచికేగా. అక్కడ పిల్లకి జ్వరమొస్తే నువ్వు తట్టుకోగలవా? ఇంట్లోనే థర్మామీటరు చేత్తో పట్టుకుని తిరుగుతావ్. చెట్టుకి భయం, దోమకి భయం, గాలికి భయం. నీ భయం చూసే వద్దనుకున్నాం."

"ఎవరనుకున్నారు?"

"అందరం."

"ఆ ఫోటోలు?"

"బ్యాగులోనే ఉన్నాయ్. ఎక్కడికి పోతాయ్?" అని బండి స్టార్ట్ చేశాడు.

తలుపేసి వచ్చి ఆమె మామగారి పక్కబట్టలు మార్చింది, చిట్టికి అన్నం పెట్టింది, సింకు ముందు నిలబడింది. ఏడుపు రాలేదు. ఏడుపు రావాల్సిన చోట ఏదో కాలినట్టుంది. ఆమె భయపడబట్టే కదా వాళ్ళు తుపాను నెలలో కాక ఏప్రిల్‌లో వెళ్తున్నారు? ఆమె భయపడబట్టే కదా అత్తగారికి మెట్లు లేని ఇల్లు, నెమ్మదైన ఒడ్డు? ఆ భయాన్నంతా పిండి రసం తీసుకుని, పిప్పిని ఆమె మొహాన కొట్టి, ఇదిగో నువ్వు పిరికిదానివి, ఇక్కడే ఉండు అన్నారు. అత్తగారు నోరు తిరగక అన్నా సరిగ్గానే అంది, కరివేపాకు దీవి. కూరకి వాసన పట్టాక ఆకుని వేలితో కంచం అంచుకి నెట్టేస్తారు. పాపం దాని మీద ఎవరికీ కోపం ఉండదు.

దానికన్నా ఎక్కువ బాధించింది ఇంకోటి. ఆ వంటగది కిటికీ. తనకి నచ్చిన ఒకే ఒక్క ఫోటో. ఆ దీవిలో ఇసక ఉంది, నీళ్ళున్నాయి, ఒడ్డున వాల్చిన కుర్చీలున్నాయి. తన కలలో మాత్రం తను ఒక్కసారి కూడా ఆ కుర్చీలో కూర్చోలేదు. కలలో కూడా పొయ్యి ముందే నిలబడి ఉంది. ఎవరు నిలబెట్టారు? అక్కడ నిలబడమని ఎవరూ చెప్పలేదే! చెప్పక్కర్లేనంతగా తయారయ్యానన్నమాట అనుకుంది.

రెండ్రోజులు ముభావంగా తిరిగితే అత్తగారే పిలిచి కూర్చోబెట్టుకుంది. "చూడమ్మా, నీకూ మనసులో వెళ్ళాలని ఉందని నాకు తెలుసు. నా పెళ్ళైన నాటి నుంచీ ఆయనకి చేస్తూనే ఉన్నా. ఆయన కోపానికీ చేశా, రోగానికీ చేశా. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా పేరు పెట్టి ఎవరూ పిలవని చోట కాళ్ళు చాపుక్కూర్చోవాలని ఉంది. తప్పా?"

తప్పు కాదు. ఆ మాటలో ఒక్క ముక్క అబద్ధం లేదు.

"నీకూ వస్తుందిలే ఆ రోజు. నీకూ ఒక కోడలొస్తుంది, ఇల్లు దాని మొహాన పడేసి వెళ్దువుగాని."

"నాకున్నది కూతురు అత్తయ్యా."

"అయితే ఇంకొకణ్ణి కను" అంది అత్తగారు, లోకంలోకెల్లా తేలికైన పని చెబుతున్నట్టు.

ఆదివారం ఆడపడుచు, పళ్ళాయన వచ్చారు. భర్త లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి ఇంటి ఫోటోలు వరసగా చూపిస్తున్నాడు. వంటగది ఫోటో రాగానే ఆడపడుచు ముఖం చిట్లించింది.

"ఇదేంట్రా, వంటగదేంటి? అక్కడికొచ్చి కూడా నేను గరిట పట్టుకోవాలా? ఆ మాటైతే నేను రాను బాబూ."

"అమ్మకి బయటి తిండి పడదు కదక్కా."

"అమ్మకి పడకపోతే మీ ఆవిడ్ని తీసుకురా. అదైతే అమ్మకి ఏం పడుతుందో తెలిసి వండుతుంది. నాన్నకి ఎవరినో మనిషిని పెడదాం."

"హవ్వ!" అంది అత్తగారు. "పరాయి మనిషి చేత మీ నాన్నకి పక్కబట్టలు మార్పిస్తావా? నలుగురూ ఏమంటారు? అది ఇక్కడే ఉండాలి."

"మరి నీకు వంట?"

"ఏదో పళ్ళూ పాలూ తిని ఉంటాలే."

"ఉంటావు! రెండో రోజుకే నా ప్రాణం తోడతావు!"

ఆమె చిట్టిని చంకన వేసుకుని అక్కడే నిలబడి ఉంది, మామగారి గడ్డానికి వేడినీళ్ళ గిన్నె పట్టుకుని. గదిలో సామాను ఎక్కడ పెట్టాలా అని ఆలోచించేవాళ్ళు సామాను వైపు చూస్తారు. వీళ్ళు ఆమె వైపు అలా కూడా చూడలేదు.

పళ్ళాయన గొంతు సవరించుకున్నాడు. "దీనికి ఒకటే వైద్యం. మా చెల్లెమ్మని మధ్యకి కోసి రెండు చేద్దాం. ఒకటి అక్కడ పొయ్యి దగ్గర, ఒకటి ఇక్కడ మావయ్యగారి దగ్గర."

"వద్దు బావా, బాబ్బాబు!" అని భర్త చేతులు జోడించాడు. "ఒకదానితోనే వేగలేక చస్తున్నా!"

నవ్వులు. అత్తగారు కళ్ళు తుడుచుకుంది. చిట్టి కూడా ఏమీ అర్థం కాకుండానే అందరితో పాటు చప్పట్లు కొట్టి నవ్వింది. ఆ పిల్ల నవ్వు చూశాక ఆమె గిన్నె బల్ల మీద పెట్టి పిల్లని దింపింది. ఆరిన బట్టలు తీసుకొస్తానని చెప్పి బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

ట్రావెల్స్ ఆవిడ ఆదివారమైనా ఫోనెత్తింది. "చెప్పండి మేడం, దీవి గురించేనా?"

"కాదండీ. మనకి దగ్గరలో సముద్రం ఏదుంది? రైల్లోనో బస్సులోనో వెళ్ళేంత దూరంలో. నేనూ మా పాపా, ఇద్దరమే. వాళ్ళు దీవికి వెళ్ళే రోజుల్లోనే. నా దగ్గరున్న డబ్బుల్లో అయిపోవాలి. పిల్లల డాక్టరు నడిచి వెళ్ళేంత దగ్గర ఉండాలి, అది తప్పనిసరి."

"పాపకి పాలూ అవీ ఉంటాయి కదా, వంటగది ఉన్న గది చూడమంటారా?"

"వంటగది వద్దు" అంది ఆమె. అంత గట్టిగా అన్నందుకు తనకే సిగ్గేసింది. "పాలు వాళ్ళనే కాచివ్వమనండి."

"సార్ రావట్లేదా మేడం?"

"లేదండీ."

ఫోను పెట్టేశాక బట్టలు తీస్తుంటే క్లిప్పు జారి కింద పడింది. కొత్త ఊళ్ళో పిల్లకి ఒళ్ళు కాలితే? కళ్ళు తేలేస్తే? ఒక్కదాన్నే ఏం చేస్తాను? ఆ ప్రశ్న వేసుకోగానే ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది. చిట్టి ఒళ్ళంతా కొయ్యబారి, పెదాలు నీలంగా మారితే, భర్త గుమ్మంలో నిలబడి రెండు చేతులూ తల మీద పెట్టుకుని, "మనం ఏదో ఒకటి చెయ్యాలి, మనం ఏదో ఒకటి చెయ్యాలి" అంటూ ఉండిపోయాడు. ఆమె చెప్పులు కూడా లేకుండా పిల్లని భుజాన వేసుకుని రోడ్డెక్కింది. ఎవరి ఆటోనో ఆపింది. ఆసుపత్రిలో డాక్టరు "సమయానికి తెచ్చారు" అన్నాడు. ఆ మాట తర్వాత వచ్చిన భర్త విని, అందరికీ "మేం సమయానికి తీసుకెళ్ళబట్టి సరిపోయింది" అని చెప్పాడు.

ఇక్కడైతే ఎవరున్నారు గనక, అక్కడ లేరని భయపడడానికి? భయం పోలేదు. ఉండనీ, దాన్ని కూడా వెంటబెట్టుకునే వెళ్దాం అనుకుంది. మడత పెట్టని బట్టలు ఒక చేతి మీద వేసుకుని లోపలికొచ్చింది. వాటిని సోఫాలో పళ్ళాయన పక్కన పడేసింది. మామూలుగా అయితే మడిచి తెచ్చేది.

హాల్లో ఇప్పుడు టీవీ మీద దీవి పటం ఉంది. భర్త లేచి నిలబడి కర్రతో పాఠం చెప్పే మేష్టారిలా వేలితో చూపిస్తున్నాడు. "ఇదిగో ఇక్కడ, దక్షిణం కొసన విమానం దిగుతుంది. ఇల్లేమో ఇక్కడ. మధ్యలో అంతా కొండలు. దిగాక..." ఆగి, ఆమె వైపు తిరిగాడు. "దిగాక మనం ఎలా వెళ్తున్నామే? కారా, పడవా?"

అందరూ ఆమె వైపు చూశారు. ఆ మధ్యాహ్నం మొత్తంలో అదే మొదటిసారి.

ఆమెకి తెలుసు. కారైతే కొండ మలుపుల్లో అత్తగారు దారి పొడుగునా వాంతులు చేసుకుంటుంది. ఒడ్డు వెంబడి వెళ్ళే పడవ ఉంది, కుదుపుండదు, కాకపోతే ముందే చెప్పుకోవాలి, చీకటి పడితే నడపరు. ఆ పడవవాడి నంబరు కూడా నోటికొచ్చు. నాలుక చివరదాకా వచ్చింది. ఇన్నేళ్ళ అలవాటు, అడగ్గానే చెప్పేయడం.

"నాకేం తెలుసండీ? వెళ్ళేది మీరు కదా" అంది.

"తెలీకపోవడమేంటి? మొత్తం చూసింది నువ్వేగా!"

నువ్వు. ఆ ఇంట్లో జరిగిన ఒక పనికి ఆ మాట తగిలించడం ఆమె మొదటిసారి వింది.

"చూశాను. ఇక మీరు చూసుకోండి. అన్నట్టు, ఆ రోజుల్లో నేనూ చిట్టీ ఊళ్ళో ఉండం. సముద్రానికి వెళ్తున్నాం. మామయ్యకి మనిషిని మాట్లాడుకుని మీరు బయల్దేరండి."

పళ్ళాయన నోరు తెరుచుకుంది. లోపలి పళ్ళన్నీ కనిపించాయి. ఆడపడుచు తల్లి వైపు చూసింది. అత్తగారు, "దీనికేమైనా గాలి సోకిందా?" అంది గానీ, ఆ గొంతులో తిట్టు సగమే ఉంది. మిగతా సగం ఏమిటో ఆవిడకే తెలియనట్టుంది. చిట్టి మడత పెట్టని బట్టల గుట్ట మీదికెక్కి కూర్చుంది.

భర్త దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఏంటే ఆ మాటలు? మీరు చూసుకోండి, మీరు బయల్దేరండి అని... ఎవరో పరాయివాణ్ణి అన్నట్టు?"

"ఎప్పుడూ మిమ్మల్ని మీరనే కదండీ అంటాను" అంది ఆమె.

నిజమే. తాళి కట్టిన నాటి నుంచీ అతన్ని మీరు అనే అంది. కాకపోతే అప్పుడది ఒక్క మనిషికి ఇచ్చిన మర్యాద. ఈసారి ఆ మాటలో అతనున్నాడు, అత్తగారున్నారు, ఆడపడుచుంది, పళ్ళాయనా ఉన్నాడు. ఆమె లేదు.